లైట్ బార్ కిట్ డబ్బా మీది ‘12/24 వోల్ట్’ను నమ్మకండి, ముందు రిలే మీద ఏముందో చూడండి

ట్రక్కుకు ఎల్‌ఈడీ లైట్ బార్ బిగించుకోవడానికి స్విచ్, రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైటుకు వెళ్లే పెద్ద కరెంటును కలిపే, ఆపే చిన్న పెట్టె), ఫ్యూజు, వైర్లు కలిపి అమ్మే కిట్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇలాంటి కిట్ వల్ల నా ట్రక్కు క్యాబిన్‌లో పొగ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, బండి కూడా దక్కింది. కానీ విప్పి చూశాక తెలిసినదాన్ని నా దగ్గరే ఉంచుకుంటే తప్పవుతుంది. అదే డబ్బా, అదే బొమ్మ, అవే మాటలతో వేర్వేరు పేర్ల మీద ఈ కిట్లు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

నాది 24 వోల్టుల ట్రక్కు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘12/24 వోల్ట్’ అని ఉంది. అమ్మినవారు కూడా రెండింటికీ పనిచేస్తుందనే చెప్పారు. బిగించాక లైటు చక్కగా వెలిగింది. కొన్నాళ్ల తర్వాత ఒక రాత్రి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. స్విచ్ ఆపితే లైటు ఆరలేదు. మళ్లీ వేసి ఆపినా ఆరలేదు. ఈలోగా డ్యాష్‌బోర్డు కింది నుంచి సన్నగా పొగ లేచింది. బండి పక్కకు ఆపి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసిన తర్వాతే లైటు ఆరింది.

రిలేను బయటికి తీస్తే దాని నల్లటి మూత ఒక పక్క ఉబ్బి, మెత్తబడి, లోపలి భాగాలకు అతుక్కుపోయి ఉంది. కదలాల్సిన రేకు కరిగిన ప్లాస్టిక్‌లో ఇరుక్కుని, కాంటాక్టులు కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి. స్విచ్ ఆపినా లైటు ఆరకపోవడానికి కారణం అదే. ఆ మూత మీద వెలుతురుకు పట్టి చూస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాలతో ‘12 వీడీసీ’, అంటే 12 వోల్టుల డీసీకి మాత్రమే, అని అచ్చు వేసి ఉంది.

అసలు మోసం ఇక్కడే ఉంది. డబ్బా మీది ‘12/24’ అబద్ధమని కూడా అనలేం, ఎందుకంటే అది లైటు గురించి నిజమే. చాలా లైట్ బార్‌ల లోపల 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకునే డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, ఎల్‌ఈడీలకు కావలసినంత కరెంటును అందించేది అదే. కానీ అదే డబ్బాలో పెట్టిన రిలేకు, స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ దీపానికి ఆ మాట వర్తించదు. 12 వోల్టుల రిలే కాయిల్ (లోపలి రేకును లాగే తీగ చుట్ట) మామూలుగా ఒకటిన్నర, రెండు వాట్ల వేడిని మాత్రమే భరిస్తుంది. దానికి 24 వోల్టులు ఇస్తే కరెంటు రెట్టింపవుతుంది, వేడి నాలుగింతలవుతుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఇచ్చేది 28 వోల్టుల దాకా ఉంటుంది, అప్పుడు వేడి ఐదింతలు దాటుతుంది. చిన్న ప్లాస్టిక్ మూత కింద ఆ వేడి పోయే దారి లేదు. మొదటి రోజే కాలిపోతే కొన్నవారు వెంటనే తిప్పి పంపేవారు. కానీ రిలే కొన్ని వారాలు నెట్టుకొస్తుంది, ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది.

అమ్మినవారికి ఫోటోలు పంపాను. మొదట ‘మీ ఎలక్ట్రీషియన్ తప్పుగా కలిపి ఉంటాడు’ అన్నారు. రిలే మీది అక్షరాల ఫోటో పంపాక మాట మార్చారు. ‘మీ ట్రక్కులో రెండు బ్యాటరీలు ఉంటాయి కదా, ఒకదాని నుంచి 12 వోల్టులు తీసుకోండి, సరిపోతుంది’ అని సలహా ఇచ్చారు. దయచేసి ఈ సలహా ఎవరు చెప్పినా వినకండి. 24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి, రెండింటికీ ఒకే ఛార్జింగు అందుతుంది. ఒకదాని నుంచి మాత్రమే కరెంటు లాగితే అది ఎప్పుడూ సగం ఖాళీగా ఉంటుంది, రెండోది అతిగా ఛార్జ్ అవుతుంది. కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. తమ కిట్‌లోని లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి కొనుగోలుదారు బ్యాటరీలను బలిపెట్టమని చెప్పడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం.

‘మాది 12 వోల్టుల బండి, మాకేం’ అనుకునేవారు కూడా ఆగండి. రిలే సంగతి తేలాక మిగతా కిట్‌ను కూడా కోసి చూశాను.

వైరు బయటికి లావుగా, బలంగా కనిపిస్తుంది. బ్లేడుతో కోస్తే ఆ లావంతా ఇన్సులేషనే. మధ్యలో సన్నటి పోగులు కొన్ని. ఒక పోగును బ్లేడు అంచుతో గీకితే పైన ఎర్రటి రాగి పొర పోయి కింద వెండిలా తెల్లగా బయటపడింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే మందంలో రాగి కంటే దీనికి దాదాపు ఒకటిన్నర రెట్ల నిరోధం. రెండు మూడు సార్లు వంచితే పోగులు పుటుక్కున తెగిపోతాయి. అతుకు దగ్గర తేమ చేరితే తొందరగా తుప్పు పడుతుంది కూడా.

దీని ప్రభావం ఎంతో లెక్క వేసి చూడండి. 12 వోల్టుల బండిలో 180 వాట్ల లైట్ బార్ 15 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి లైటుకు పోనూ రానూ 8 మీటర్ల వైరు పడిందనుకుందాం. అది 0.75 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి అయినా దారిలోనే దాదాపు 2.7 వోల్టులు పోతాయి, అంటే సుమారు 40 వాట్లు వైరును వేడెక్కించడానికే ఖర్చు. పూత వైరు అయితే 60 వాట్ల దాకా వెళ్తుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడితే ఒక వోల్టు కూడా పోదు. ఇంకో చిక్కుంది. డ్రైవర్ ఉన్న లైట్ బార్ తనకు అందే వోల్టేజి తగ్గితే వెలుగు తగ్గించుకోదు, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వైరు మరింత వేడెక్కుతుంది.

ఇంత సన్నటి వైరుకు వాళ్లు పెట్టిన ఫ్యూజు ఆకుపచ్చది, 30 ఆంపియర్లు. ఫ్యూజు ఉంది కదా అని ధీమా పడేవారు ఇది గమనించాలి: ఫ్యూజు కాపాడాల్సింది లైటును కాదు, వైరును. వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజు పెడితే ముందు వైరే కాలుతుంది, ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. పైగా బ్లేడు ఫ్యూజు తన మీద రాసిన అంకె దాటగానే తెగదు. 30 ఆంపియర్ల ఫ్యూజు 33 ఆంపియర్లను గంటల తరబడి మోయగలదు, 40 దగ్గర కూడా తెగడానికి పది నిమిషాల దాకా పట్టవచ్చు. ఆ పది నిమిషాల్లో సన్నటి వైరు ఇన్సులేషన్ కరిగి, లోపలి తీగ బండి బాడీకి తగులుతుంది. నా కిట్‌లో ఆ ఫ్యూజు కూడా బ్యాటరీ దగ్గర లేదు, రిలే తర్వాత లైటు వైపు ఉంది. అంటే బ్యాటరీ నుంచి రిలే దాకా ఉన్న వైరుకు ఏ రక్షణా లేదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి.

ఇక స్విచ్. మూడు పిన్నుల వెలిగే స్విచ్‌లో ఒకటి కరెంటు వచ్చేది, ఒకటి రిలేకు వెళ్లేది, మూడోది లోపలి చిన్న దీపానికి ఎర్త్. కాగితం మీది బొమ్మలో ఎర్త్ ఒక చివర ఉంది, నా చేతిలోని స్విచ్‌కు ఇంకో చివర ఉంది. ఆ బొమ్మను నమ్మి కలిపితే స్విచ్ వేసిన క్షణమే ప్లస్ నేరుగా ఎర్త్‌కు తగిలి షార్ట్ కావచ్చు. బొమ్మను పక్కన పెట్టి, ఏదీ కలపకముందే మల్టీమీటరును బజర్ మీద (రెండు పిన్నుల మధ్య కరెంటు దారి ఉంటే మోగేది) పెట్టి చూడండి. స్విచ్ వేసినప్పుడు మోగి, ఆపినప్పుడు మోగని రెండు పిన్నులే కరెంటువి, మిగిలింది ఎర్త్. వైరు రంగులను కూడా నమ్మకండి. చౌక కిట్లలో ఎరుపు ప్లస్ అవుతుందనే హామీ లేదు.

కొనేముందు అడగాల్సింది ఒక్క ఫోటో: రిలే మూత మీది అక్షరాలు కనబడేలా. మీ బండి 24 అయితే అక్కడ 24 ఉండాలి. ‘ఏదైనా పనిచేస్తుంది’ అని జవాబు వస్తే అక్కడితో ఆపేయండి. నా అభిప్రాయంలో ఈ కలిపి అమ్మే కిట్లు కొనడం కంటే లైటు ఒక్కటి కొని, పేరున్న తయారీదారు రిలే, తగిన మందం ఉన్న అసలు రాగి వైరు, దానికి సరిపోయే ఫ్యూజు విడివిడిగా తీసుకోవడమే మేలు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, దాని గురించి నాకు రెండో ఆలోచన లేదు. వైరు క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరును కోయకుండా రంధ్రానికి తొడిగే వలయం) తప్పనిసరి. హెడ్‌లైటు వైరుకు గాటు పెట్టి స్విచ్‌కు కరెంటు తీసుకోవద్దు, కంప్యూటర్ ఉన్న కొత్త బండ్లలో అది వేరే తలనొప్పులు తెస్తుంది.

ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించుకున్నవారు ఈ రోజే ఒక పని చేయండి. లైటు వేసి పావుగంట ఆగి, ఆపేసి, రిలే మీద, ఫ్యూజు హోల్డర్ మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనించి ఉంచలేనంత వేడిగా ఉన్నా, స్విచ్‌లోని ఇండికేటర్ దీపం మాడిపోయి ఉన్నా, ఫ్యూజు తీసి పక్కన పెట్టి, రిలే మీది అంకె చదివే దాకా దాన్ని మళ్లీ పెట్టకండి. వాపసు అడగాలనుకుంటే కిట్ తిప్పి పంపకముందే డబ్బా, రిలే, వైరు కోసిన చివర, ఈ మూడింటికీ ఫోటోలు తీసి ఉంచుకోండి. నా విషయంలో అమ్మినవారి గొంతు మారింది రిలే ఫోటో చూశాకే. డబ్బు మాత్రం ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాను.