శ్రీకాళహస్తి కన్నప్ప: తొమ్మిది వారాలు పట్టిన కలంకారీ

ముందే చెప్పేస్తాను: వస్త్రం అద్భుతం, గడువు అబద్ధం.

మా అమ్మాయి కొత్త ఇంటి కోసం, శ్రీకాళహస్తిలో ఒక కళాకారుడు ఇంట్లోనే నడుపుతున్న చిన్న దుకాణంలో ఐదడుగుల కలంకారీ గోడవస్త్రం, అంటే గుడ్డ మీద వెదురు కలంతో చేత్తో గీసి రంగులద్దిన బొమ్మ, వేయించాను. స్వామి కంటి మీద కాలి బొటనవేలు ఆనించి, తన రెండో కంటికి బాణం ఎత్తిన కన్నప్ప. 9,500 రూపాయలు. బేరమాడలేదు.

తిరుపతిలో కలంకారీ అని అమ్మే గుడ్డల్లో అచ్చువి కూడా ఉంటాయి. అనుమానం వస్తే పువ్వులు పోల్చి చూడండి. చేత్తో వేసినదైతే ఏ రెండూ ఒకలా ఉండవు. కొత్త వస్త్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే కరక్కాయ, పాల వాసన వస్తుంది. మా కన్నప్ప నెలరోజులు హాలంతా ఆ వాసనే నింపాడు. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ట్యాగు) దక్కింది. అయినా వస్త్రం మీద దానికి సంబంధించిన చీటీ లేదు, అడిగితే కళాకారుడి గుర్తింపు కార్డు చూపించారు. రసీదు కూడా తెల్లకాగితమే.

ఇక ఆలస్యం. నాలుగు వారాలన్నారు. ఫోను చేసినప్పుడల్లా "ఏట్లో నీళ్లు లేవమ్మా" అనేవారు. సాకు అనుకుని బస్సెక్కాను. వెళ్లి చూస్తే నిజమే. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెట్టాలి, చింతబొగ్గుతో గీయాలి, బెల్లమూ ఇనుపతుక్కూ పులియబెట్టిన నల్లరంగు దిద్దాలి, ఎరుపు రావలసిన చోట పటిక పూయాలి. ఆ పటికను పారే నీటిలోనే కడగాలి, నిలవ నీటిలో కడిగితే పక్కకు పాకి మరక పడుతుంది. ఊరి ఏరు స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏమీ లేదు. చివరికి ఊరి బయట ఒక బోరు దగ్గర కడిగారట.

బ్యాంకులో అప్పుల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను కాబట్టి ఇది చెప్పక తప్పదు. 1950లలో చేతికళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ మొదలుకాకపోతే ఈ కలం ఆనాడే ఆగిపోయేదేమో. ప్రభుత్వ సాయం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ 2023 సెప్టెంబరులో చేతివృత్తులవాళ్ల కోసం వచ్చిన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ చూడండి. 18 వృత్తుల్లో దర్జీ, కుమ్మరి ఉన్నారు, కలంకారీ పేరు లేదు. ఉన్నా, పనిముట్లకిచ్చే 15,000 రూపాయలతో ఈయన ఏం కొంటారు? వెదురుపుల్ల, ఉన్ని, దారం, అంతే కదా కలం! ఈయనకు కావలసింది రెండు నెలలు ఎదురుచూసే ఓపికున్న డబ్బు. మేమేమో నెల తిరగగానే వాయిదా అడిగేవాళ్లం. అలాంటి దరఖాస్తుల మీద నేనే ఎన్నోసార్లు "ఆదాయం సక్రమంగా లేదు" అని రాశాను. ఏరు ఎండితే ఆదాయం ఎక్కడినుంచి వస్తుందని ఒక్కసారీ అడగలేదు.

ఉతకడం గురించి వాళ్లు చెప్పినట్టే చేయండి: సబ్బు వద్దు, నీడన ఆరేయండి. నీలం కాస్త పలచగా పడింది, కన్నప్ప ఎడమ చెయ్యి కుడిదానికంటే పొడుగు. రెండూ నాకు అలవాటైపోయాయి.

వియ్యపురాలి కోసం ఇంకో వస్త్రం వేయమని వాళ్లకే చెప్పాను. సగం డబ్బు ముందే ఇచ్చాను. సంక్రాంతికి ఇస్తామన్నారు. నేను మాత్రం ఆమెతో శివరాత్రికి అని చెప్పాను.