సెంటర్ నడిపేవాళ్లకు ఏ మౌస్ మేలు?

"అన్నా, మౌస్ పోయింది. వైరుది తేవాల్నా, వైర్‌లెస్ తేవాల్నా?" మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని అహేరి, అంకీస దిక్కు సేవా కేంద్రాలు నడిపే తమ్ముళ్ల నుంచి నాకు మళ్లీ మళ్లీ వచ్చే ఫోన్ ఇదే. నన్నడిగితే వైరు సంగతి తర్వాత. ముందు చూడాల్సింది ఎడమ బటన్ కింద కూర్చున్న చిన్న స్విచ్‌ని.

రోజంతా నొక్కే చోట మౌస్ ఎక్కువగా చచ్చేది అక్కడే. ఆ స్విచ్‌లో పల్చని లోహపు రేకు ఉంటుంది, నొక్కినప్పుడల్లా వంగి కింది పాయింట్‌కు తగులుతుంది. వాడగా వాడగా రేకు బిగువు సడలుతుంది, తగిలే చోట చిలుము పడుతుంది. దుమ్ము, వానాకాలం తేమ దానికి తోడు. ఇక అప్పట్నుంచి ఒకసారి నొక్కితే కంప్యూటర్‌కు రెండుసార్లు నొక్కినట్టు చేరుతుంది. ఇంట్లో సినిమాలు చూసుకునేవాళ్లు దాంతో ఎట్లనో నెట్టుకొస్తారు. మనకట్ల కుదరదు. దాఖలా (సర్టిఫికెట్) ఫారంలో గడి మీద నొక్కితే టిక్ పడ్డట్టే పడి ఆ క్షణమే మాయమవుతుంది. అది చూసుకోకుండా సబ్మిట్ కొడితే ఫారం తిరిగొస్తుంది. బిల్లు కట్టే చోట రెండుసార్లు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పాత మౌస్‌కు ఈ రోగం ఉందో లేదో తేల్చడం తేలిక. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట ఎడమ బటన్ నొక్కి పట్టి, మెల్లగా పెద్ద డబ్బా గీయండి. వేలు తీయకముందే డబ్బా మాయమైతే దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజుకు మూడు వేల క్లిక్కులు, ఏడాదికి 300 పని దినాలు అనుకుంటే తొమ్మిది లక్షలు. మూడు నాలుగొందల వైరు మౌస్ డబ్బా మీద ఎన్ని క్లిక్కులు ఆగుతుందో సాధారణంగా రాయరు. లాజిటెక్ జి102 లాంటి వైరు గేమింగ్ మౌస్‌కు కంపెనీ చెప్పే లెక్క కోటి. అది ల్యాబ్‌లో తేల్చిన లెక్క, మన దుమ్ములో అంత రాకపోవచ్చు. సగం వచ్చినా ఐదేళ్లు. ధర మామూలుదానికి మూడు నాలుగింతలు పడుతుంది, రంగురంగుల లైట్లు వెలుగుతాయి (చూసి నవ్వేవాళ్లను నవ్వనీయండి, లైట్లు ఆపుకోవచ్చు). నా టేబుల్ మీద ఉన్నది అదే. రోజంతా క్లిక్కులే బతుకుదెరువైనవాళ్లకు నేను చెప్పేదీ అదే.

వైర్‌లెస్ చెడ్డదని కాదు. లాజిటెక్ ఎం185 లాంటివి ఒక్క పెన్సిల్ సెల్‌తో నెలల తరబడి నడుస్తాయి, ల్యాప్‌టాప్ పట్టుకొని ఊరూరా తిరిగేవాళ్లకు హాయి. కాని అది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాట్లాడుతుంది, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రేడియో గోల కూడా అక్కడే పడుతుంది. రిసీవర్‌ను (మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్కను) టేబుల్ కింద సీపీయూ వెనక ఆ నీలం పోర్టులో, పక్కన హార్డ్‌డిస్క్ వైరు ఉండగా పెడితే బాణం గుర్తు ఆగి ఆగి దూకుతుంది. అట్లయితే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవర్‌ను టేబుల్ మీదికి తెచ్చుకోండి. జనం వరుసలో నిలబడ్డప్పుడు సెల్ అయిపోవడానికి మాత్రం మందు లేదు, డ్రాయర్‌లో ఇంకోటి ఉండాల్సిందే.

మన పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువవాటికి బ్లూటూత్ ఉండదు, అందుకే బ్లూటూత్ మౌస్‌లు వాటికి నేరుగా కుదరవు. నిలువు మౌస్, వేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు. రేజర్ కంపెనీ ఖరీదైన మౌసుల్లో కొన్నిటికి కాంతితో పనిచేసే స్విచ్ ఉంటుంది, దాంట్లో రేకు తగిలే గొడవే లేదు. డబ్బులుంటే చూడండి.

ఎక్కడ కొన్నా బిల్లు, డబ్బా దాచిపెట్టండి. సిరొంచ నుంచి గడ్చిరోలి దాకా పోయి మార్పించుకునేంత ఓపిక ఎవరికీ ఉండదు గనక, నేనైతే ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాలలోనే కొంటాను. అక్కడే కౌంటర్ దగ్గర తగిలించి, పైన చెప్పిన డబ్బా గీసి చూశాకే డబ్బులివ్వండి.