ఫ్రెంచ్ క్రియలకు ఆంకి యాప్: పట్టికను ముక్కలు చేస్తేనే ఫలితం

ఏడో ఎక్కం నోటికొచ్చిన పిల్లాడిని "ఏడెనిమిదులు ఎంత?" అని అడిగితే, "ఏడొకట్ల ఏడు" నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కి చెప్తాడు. ఫ్రెంచ్ క్రియల పట్టికలను బట్టీ పట్టినవాళ్ల ఇబ్బందీ ఇదే. 'ఉండు' అనే అర్థమిచ్చే 'ఎత్ర్' క్రియను "జ స్వీ, త్యు ఎ, ఇల్ ఎ, ను సోమ్, వు జెత్, ఇల్ సోఁ" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. 'వు' (మీరు) రూపం ఒక్కటే అడిగితే మాత్రం మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. మాటల మధ్యలో అంత సమయం దొరకదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న నల్లగొండ, పాలమూరు పిల్లలకు, ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉండే కార్డులను చూపించే ఆంకి యాప్‌ను గట్టిగా సిఫారసు చేయడానికి మొదటి కారణం ఇదే. అది పట్టికను వరుసగా అడగదు. ఏ రూపం మర్చిపోయే దశలో ఉందో లెక్కగట్టి, దాన్నే ముందుకు తెస్తుంది.

2006లో మొదలైన ఈ ప్రోగ్రామ్ పేరుకు జపనీస్‌లో కంఠస్థం చేయడం అని అర్థం. కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్‌లో 'ఆంకిడ్రాయిడ్' పేరుతో దొరికేదీ ఉచితమే. ఐఫోన్‌లో మాత్రం సుమారు 25 డాలర్లు పెట్టి కొనాలి. ఆంకి పేరు తగిలించుకున్న వేరే యాప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి చూసి వేసుకోవాలి. కార్డులు ఫోన్‌లోనే ఉంటాయి గనుక సిగ్నల్ లేకున్నా నడుస్తుంది. హైదరాబాద్ బస్సులో కూర్చుని ఆ రోజు రివ్యూ, అంటే పాత కార్డులను మళ్లీ చూసుకోవడం, మొత్తం ముగించుకోవచ్చు.

ఇతరులు తయారుచేసి పెట్టిన డెక్‌లతో (కార్డుల కట్టలతో) మొదలుపెట్టొద్దు. వాటిలో చాలావరకు ఒకే కార్డు మీద ఆరు రూపాలూ ఉంటాయి. ఐదు గుర్తొచ్చి ఒకటి రాకపోతే ఏ బటన్ నొక్కాలి? రాదన్నామంటే వచ్చిన ఐదూ మళ్లీ మళ్లీ చదవాలి, వచ్చిందన్నామంటే రాని ఒక్కటీ ఎప్పటికీ రాదు. కార్డుకు ఒక్కటే రూపం ఉండాలి, ప్రశ్న మన ఇంటి మాటలో ఉండాలి. ముందువైపు "మేం పోతం, క్రియ: ఆలే" అని రాస్తే, వెనకవైపు "ను జాలోఁ". ఇంగ్లిష్ మీదుగా పోవాల్సిన పనే లేదు. పోత, పోతవు, పోతడు, పోతం, పోతరు అని మనిషిని బట్టి క్రియ తోక మార్చడం మనకు పుట్టుకతో వచ్చిందే. తికమక పడే చోట్లు రెండే. మనకు 'మేము', 'మనం' వేరు, ఫ్రెంచ్‌లో రెండింటికీ 'ను' ఒక్కటే. మనకు 'పోతడు', 'పోతది' వేరు, అక్కడ 'ఇల్' (అతడు) వచ్చినా 'ఎల్' (ఆమె) వచ్చినా 'వా' ఒక్కటే.

ఏ రూపాలకు కార్డులు రాయాలన్న దగ్గరే ఎక్కువ శ్రమ మిగులుతుంది. ఫ్రెంచ్ క్రియల్లో అత్యధికం ఇ-ఆర్ అక్షరాలతో ముగిసేవే. వాటిలో చాలావాటికి 'పార్లే' (మాట్లాడు) లాంటి నమూనా ఒక్కటి చాలు. 'ను' రూపంలో స్పెల్లింగ్ మారే 'మాంజే', 'కొమాంసే' లాంటి వాటికి తలా ఒక కార్డు అదనం. కష్టమంతా ఏ నమూనాకూ లొంగక దారి తప్పిన క్రియలదే. ఒక్కోదానికి ఆరు కార్డులు రాయండి: 'జ' (నేను), 'ఇల్', 'ను', 'ఇల్' బహువచనం, భవిష్యత్ కాల రూపంలో మొదటి భాగం, భూతకాల రూపం. 'త్యు' (నువ్వు) రూపం పలకడంలో దాదాపు ఎప్పుడూ 'జ'కో 'ఇల్'కో సమానం. 'వు' రూపం 'ను' నుంచే పుడుతుంది. ఎదురు తిరిగేవి మూడే: వు జెత్, వు ఫెత్, వు దిత్. ఈ మూడింటికీ విడిగా కార్డులు కావాలి. గతంలో అలవాటుగా చేసిన పనిని చెప్పే 'ఆఁపర్‌ఫే' కాలానికైతే కార్డులే అక్కర్లేదు. 'ను బ్యువోఁ' (మేం తాగుతం) తెలిస్తే చివరి 'ఓఁ' తీసి 'ఎ' పెడితే 'జ బ్యువే' అయిపోతుంది. ఈ సూత్రానికి లొంగనిది 'ఎత్ర్' ఒక్కటే, అది 'జెతే' అవుతుంది. ఈ లెక్కన 30 క్రియలకు 180 కార్డులు, రోజుకు 6 చొప్పున నెల పని.

కార్డు రకం ఎంచుకునేటప్పుడు జవాబు టైప్ చేసే రకమే తీసుకోండి. 'పార్లే' ఆరు రూపాల్లో నాలుగు 'పార్ల్' అనే వినిపిస్తాయి, రాతలో మాత్రం చివర్లు ఇ, ఇ-ఎస్, ఇ, ఇ-ఎన్-టి. నోటితో చెప్పుకుని సరిపెట్టుకుంటే పరీక్షలో ఈ తోకల దగ్గరే మార్కులు పోతాయి. 'ఆమె పోయింది' అనడానికి 'ఎల్ ఎ తాలే' అని రాసేటప్పుడు చివర పడాల్సిన అదనపు ఇ కూడా చెవికి దొరకదు. టైప్ చేస్తే ఏ అక్షరం తప్పిందో ఆంకి రంగుల్లో చూపిస్తుంది. ఫోన్ కీబోర్డ్‌కు ఫ్రెంచ్ జోడించడం మర్చిపోవద్దు.

సెట్టింగ్స్‌లో మార్చాల్సినవి కొన్నే. రోజుకు 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని 6 చేయండి. కొత్తవి ఎన్ని వేస్తే, కొన్ని వారాలకు రోజువారీ రివ్యూలు దానికి పది రెట్ల దాకా పోతాయి. క్రమం 'ర్యాండమ్' పెట్టకపోతే ఒకే క్రియ రూపాలు వరుసగా వచ్చి, ముందు కార్డే తర్వాతి దానికి జవాబు అందిస్తుంది. అన్నిటికంటే ఎక్కువ మంది చేసే తప్పు బటన్ల దగ్గర. గుర్తు రానప్పుడు 'హార్డ్' నొక్కుతారు. 'హార్డ్' అంటే కష్టపడి గుర్తు తెచ్చుకున్నానని అర్థం, మర్చిపోతే నొక్కాల్సింది 'అగైన్'. ఇది తప్పితే యాప్ లెక్క మొత్తం తప్పుతుంది. 8 సార్లు మర్చిపోయిన కార్డుకు 'లీచ్', అంటే జలగ, అనే గుర్తు పడుతుంది. దాన్ని అలాగే రుద్దొద్దు, ప్రశ్న వాక్యం మార్చి రాయండి.

ఆంకి పాఠం చెప్పదు, ఉచ్చారణ దిద్దదు. క్లాసులో ఆ కాలం అర్థమయ్యాకే దాని కార్డులు వేయాలి. పెద్ద చిక్కు సెలవులు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఫోన్ తెరవకపోతే రివ్యూలు గుట్టగా పేరుకుపోతాయి, చాలామంది మానేసేది ఆ గుట్టను చూసే. పండగకు రెండు వారాల ముందే కొత్త కార్డులను సున్నా చేసుకుంటే రోజువారీ సంఖ్య బాగా పడిపోతుంది. పేరుకున్నా సరే, రోజుకు 100 అని పరిమితి పెట్టుకుని తీర్చుకుంటూ రండి, డెక్‌ను మాత్రం రీసెట్ చేయొద్దు.