జాగ్రత్త: పెట్టె మీద వయసు చూసి నమ్మకండి, బొమ్మ తిరగేసి మూత చూడండి

ఇంట్లో ఏడాది, రెండేళ్ళ పిల్లలున్న వాళ్ళు ముందు ఒక పని చేయండి. పాటలు పాడే బొమ్మ, లైట్లు వెలిగే బొమ్మ ఏదైనా ఉంటే తిరగేసి బ్యాటరీ మూత చూడండి. దానికి స్క్రూ ఉండాలి. స్క్రూ లేకుండా గోటితో లేపితే ఊడొచ్చే మూతైతే ఆ బొమ్మని పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టేయండి. మిగతాది తర్వాత చదవచ్చు.

మా పాపకి 16 నెలలు. తన కోసం ఆన్‌లైన్‌లో ఒక చిన్న బస్సు కొన్నాను. మీటలు నొక్కితే అక్షరాలు పాడుతుంది, హెడ్‌లైట్లు వెలుగుతాయి. పెట్టె ముందు వైపు "12 నెలల నుంచి" అని పెద్ద అక్షరాలతో ఉంది, దాని కిందే "మెదడు ఎదుగుదలకు" అని ఉంది. నేను పడిపోయింది ఆ రెండో మాటకే. పాపకి ఇంకా మాటలు సరిగా రాలేదు, అక్షరాలు వింటూ ఉంటే తొందరగా వస్తాయేమోనని ఆశ.

కొన్న ఐదో రోజు బస్సు సోఫా మీంచి కింద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, నేను తల కూడా తిప్పలేదు. పాట సగంలో ఆగిపోయిందని గమనించి చూశాను. పాప నేల మీద కూర్చుని, బొటనవేలు చూపుడువేలు కలిపి ఏదో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూస్తోంది. తళతళలాడే గుండ్రటి బిళ్ళ. చిన్న వస్తువుల్ని అలా రెండు వేళ్ళతో పట్టుకోవడం వచ్చిందని కొన్ని నెలల కిందట అందరికీ వీడియో పంపి మురిసిపోయాను. ఇప్పుడు ఆ వేళ్ళ మధ్య నాణెం లాంటి బ్యాటరీ ఉంది.

అది లాక్కున్నాను. బస్సు తీసి చూస్తే లోపల బ్యాటరీలకి రెండు గూళ్ళున్నాయి. నా చేతిలో ఉన్నది ఒక్కటే.

మా వారు సోఫా జరిపారు, నేను ఫోన్ టార్చ్ వేసుకుని నేలంతా తడిమాను. నాలుగైదు నిమిషాలు వెతికి ఉంటాం. పాప ఏడవడం లేదు, దగ్గడం లేదు, మమ్మల్ని చూసి నవ్వుతోంది. బ్యాటరీ మింగినా మొదట్లో పిల్లలు మామూలుగానే ఉండొచ్చని అంతకు ముందు ఎక్కడో చదివింది గుర్తుండబట్టి ఇక వెతకడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. లోపల ఏమీ లేదు. రెండో బ్యాటరీ మర్నాడు సోఫా మెత్తల సందులో దొరికింది. ఆ ఎక్స్‌రే వచ్చేదాకా పడ్డ టెన్షన్ గురించి రాయాలన్నా చేతులు రావడం లేదు.

పాప బాగానే ఉంది కదా, ఇంత గొడవెందుకు అని కొందరు అన్నారు. ఎందుకో చెప్తాను. మాకు దొరికింది 20 మిల్లీమీటర్ల వెడల్పున్న 3 వోల్టుల లిథియం బ్యాటరీ. చిన్న పిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోవడానికి ఆ సైజు సరిగ్గా సరిపోతుంది. బ్యాటరీ లోపలి రసాయనం కారితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. అసలు సంగతి వేరు. అన్నవాహిక లోపలి తడి పొర తగలగానే బ్యాటరీలోంచి కరెంటు పారడం మొదలవుతుంది. దాంతో ఒక పక్కన ఘాటైన క్షారం తయారై ఆ పొరని కాల్చేస్తుంది. 2 గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. బొమ్మ ఆడించలేనంతగా అరిగిపోయిన బ్యాటరీలో కూడా అందుకు సరిపడా శక్తి మిగిలి ఉంటుంది. పైగా మొదట్లో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కొందరిలో చొంగ ఎక్కువగా కారడం, తిండి వద్దనడం, దగ్గు కనిపిస్తాయి, అవి జలుబులా అనిపిస్తాయి. మింగారేమోనన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి, చూద్దాంలే అని ఆగకండి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. అదే రకం బ్యాటరీ ఇంకొకటుంటే, లేదా ఆ బొమ్మ పెట్టె ఉంటే వెంట తీసుకెళ్ళండి.

ఇంటికొచ్చాక పెట్టె మొత్తం చదివాను. లోపల మడత పెట్టి ఉన్న కాగితం చివర, చీమ తలకాయంత అక్షరాల్లో "మూడేళ్ళ లోపు పిల్లలకు తగదు, చిన్న భాగాలున్నాయి" అని ఉంది. పక్కనే ఎర్రటి వలయంలో పసివాడి ముఖం, దాని మీద అడ్డగీత, 0-3 అనే అంకెలు. ముందు 12 నెలలట, లోపల మూడేళ్ళట! అమ్మినవాళ్ళకి రెండింటి ఫోటోలూ పంపాను. "పెద్దల పర్యవేక్షణలో ఆడించాలి" అని ఒక్క ముక్క రాసి, డబ్బు వాపసు ఇస్తామన్నారు. నేను అడిగింది డబ్బు కాదు, ఆ "12 నెలల నుంచి" తీసేయమని. దానికి జవాబు లేదు. ఇది రాసే సమయానికి కూడా బొమ్మ అదే ఫోటోతో అమ్మకానికి ఉంది.

పెట్టె మీద వయసు తెలివితేటలకి కొలత అనుకోవడం దగ్గరే నాలాంటి వాళ్ళం పొరపాటు పడతాం. "మా పాప చురుకు, పెద్ద పిల్లల బొమ్మ ఇచ్చినా ఆడేస్తుంది" అంటాం. మూడేళ్ళ గీత పెట్టింది ముఖ్యంగా గొంతుని బట్టి. ఎంత చురుకైన పిల్లైనా ఆ వయసులో దొరికింది నోట్లో పెట్టే చూస్తుంది, శ్వాసనాళం చూస్తే ఇంకా సన్నంగానే ఉంటుంది. బొమ్మల పరీక్షల్లో చిన్న భాగాల కోసం 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే భాగం ఏదున్నా, లేదా విరిగి ఊడొచ్చినా, అది మూడేళ్ళ లోపు వాళ్ళకి పనికిరాదు. ఇంట్లో మనం టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్ట గొట్టంతో చూసుకోవచ్చు. అది ఇంకాస్త వెడల్పు కాబట్టి అందులోంచి జారే ప్రతిదాన్నీ పక్కన పెడితే మంచిదే. నేను అలా చూస్తే మెత్తటి కుక్కపిల్ల బొమ్మ కంటికున్న పూస కూడా దొరికింది, రెండుసార్లు గట్టిగా లాగితే ఊడొచ్చింది. అయస్కాంతాల బొమ్మలైతే మరీ జాగ్రత్త. శక్తిమంతమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగు మడతల్ని మధ్యలో నొక్కి ఒకదాన్నొకటి పట్టుకుని రంధ్రం చేస్తాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

బస్సు పోయాక ఇంకో సంగతి అర్థమైంది. ఆ ఐదు రోజులూ పాప చేసిందల్లా మీట నొక్కి చూస్తూ కూర్చోవడం. బస్సు పాడుతుంటే నేనూ ఊరుకున్నాను, వంటగదిలో పని చూసుకున్నాను. తర్వాత వెతికితే నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీ వాళ్ళు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం కనబడింది. 10 నుంచి 16 నెలల బిడ్డ ఒకరు, తల్లో తండ్రో ఒకరు, అలా 26 జంటలు. చిన్న అధ్యయనమే. కానీ ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడేటప్పుడు పుస్తకాలతో పోలిస్తే పెద్దవాళ్ళూ తక్కువ మాట్లాడారు, పిల్లలూ తక్కువ శబ్దాలు చేశారు. మా ఇంట్లో జరిగింది అచ్చం అదే. మాటలొస్తాయని కొన్న బొమ్మ మా మాటలే తగ్గించింది.

ఇప్పుడు పాపకి ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెలు ఇచ్చాం. ఈ వయసు పిల్లలకి వేయడం, తీయడం, మళ్ళీ వేయడం అంటే ప్రాణం. చిన్న గిన్నెలో పెద్దది పెట్టాలని చూస్తుంది, పట్టదు, నా వైపు చూస్తుంది, "పెద్దది, పట్టదమ్మా" అంటాను. నిన్న మూడు చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి తనే చప్పట్లు కొట్టుకుంది. అక్షరాల తొందర నాకిప్పుడు లేదు.

ఇలాంటి బస్సు, దీని తీరులోనే కారో ఫోనో డ్రమ్మో కొన్నవాళ్ళు ఉంటే మీ బొమ్మ వెనక మూత ఎలా ఉందో కింద రాయండి. ముందు వైపు వయసు, లోపలి కాగితంలో వయసు రెండూ కనిపించేలా ఫోటో పెడితే ఇంకా మంచిది. మీ దేశంలో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే కార్యాలయానికి మీరూ రాయాలనుకుంటే, నేను రాసిన ఉత్తరం నమూనా అడగండి, పంపిస్తాను.