హోరు పోయింది, గోల మిగిలింది

మా పక్కింటి పెద్దావిడకు వినికిడి బాగా తగ్గింది. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. టీవీయే ఆవిడకు తోడు, అదీ గట్టిగా పెడితేనే వినిపిస్తుంది. తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. నాదేమో ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దే పని. చెవిలో ఒక మాట పడితే కంటి ముందున్న మాట చెదిరిపోతుంది. ఆ ఒక్క ఇబ్బంది తీరుతుందన్న ఆశతోనే నిరుడు మార్చిలో 24,000 రూపాయలు పెట్టి, చెవులను పూర్తిగా కప్పే, బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొన్నాను. పాట ఎలా వినిపిస్తుంది, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది అన్న విషయాల్లో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా చప్పుడు గురించే.

దుకాణంలో వాటిని తలకు తగిలించి బటన్ నొక్కగానే నిశ్శబ్దం కమ్ముకుంది. నాలుగు ఏసీల రొద ఒక్క క్షణంలో మాయమైంది. ఒళ్లు జలదరించింది. ఇంకో మాట అడగకుండా డబ్బు కట్టేశాను. ఆ దుకాణంలో ఏసీ రొద తప్ప మరో చప్పుడు లేదని, ఈ పరికరానికి అంతకంటే అనువైన చోటు దొరకదని అర్థం కావడానికి నాకు చాలా నెలలు పట్టింది.

మొదటి వారం మా చెల్లెలికి ఫోను చేసి, "ఇల్లు ఖాళీ చేసి నన్నొక్కదాన్నే వదిలేసినట్టుందే" అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. అయితే ఆ వారం పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నారు, పక్కింటావిడను కొడుకు వచ్చి తీసుకువెళ్లాడు. ఇల్లు నిజంగానే ఖాళీగా ఉంది. నా మాట నమ్మి చెల్లెలు కూడా ఒకటి కొనుక్కుంది. అది నా మనసులో ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం సాగునీటి మీద వచ్చిన ఒక పుస్తకం దిద్దుతున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు, పైన ఫ్యాను. 'గట్టు' అని దిద్దాల్సిన చోట అంచులో 'పెళ్లి' అని రాశాను. గోడ అవతల సీరియల్లో అప్పుడే ఎవరో పెళ్లి మాట ఎత్తారు. ఇన్నేళ్లలో నా చేతి నుంచి అలాంటి తప్పు రాలేదు. కోపంతో హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడు గమనించాను. టీవీ శబ్దం పెద్దదైంది కానీ మాటలు అలుక్కుపోయాయి. ఫ్యాను హోరులో కలిసి, ఎవరో దూరంగా సణుగుతున్నట్టు వినిపిస్తున్నాయి. మళ్లీ పెట్టుకున్నాను. శబ్దం చిన్నదైంది, మాటలు మాత్రం విడివిడిగా తేలి వచ్చాయి. తీసి, పెట్టి, తీసి, పెట్టి, చాలాసార్లు చూశాను.

అంతటితో ఆగలేకపోయాను. సాయంత్రం మా అబ్బాయిని పక్క గదిలో కూర్చోబెట్టి, దినపత్రికలోంచి ఒక్కో మాట మామూలు గొంతుతో చదవమన్నాను. ఫ్యాను అయిదులో పెట్టి, వినిపించిన మాట వినిపించినట్టు రాసుకున్నాను. బటన్ నొక్కి ఉన్నప్పుడు 20 మాటల్లో 14 పట్టుకున్నాను. బటన్ ఆపేసి, హెడ్‌ఫోన్లు చెవులకు అలాగే ఉంచితే 9. ఒక ఇంట్లో ఒక సాయంత్రం చేసిన లెక్క ఇది, మీ ఇంట్లో వేరుగా రావచ్చు. నా వరకు విషయం తేలిపోయింది. ఇన్నాళ్లూ ఆ మాటలకూ నాకూ మధ్య తెర కట్టి నన్ను కాపాడుతున్నది మా పాత ఫ్యాను హోరు. నేను డబ్బు పెట్టి తీయించుకున్నది ఆ తెరనే.

కారణం తెలుసుకున్నాక పరికరం మీద కోపం కొంత తగ్గింది, దాన్ని అమ్మే తీరు మీద పెరిగింది. లోపలి మైకులు బయటి శబ్దాన్ని విని, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే తరంగాన్ని చెవిలోకి వదులుతాయి. రెండూ కలిసి రద్దవుతాయి. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) దగ్గర ఉండే మంద్రమైన రొద తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడవైన అలకు ఎదురు అల అమర్చడం సులువు. 3,000 హెర్ట్జ్ దగ్గర ఆ పొడవు 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. లెక్కలో పిసరంత ఆలస్యమైనా ఎదురు అల తప్పిపోతుంది. అందుకే వెయ్యి హెర్ట్జ్ దాటేసరికి ఈ విద్య దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ పైన అడ్డుకోవలసింది చెవుల చుట్టూ ఉండే మెత్తలే. మనిషి మాటలో క, చ, ట, త, ప వంటి హల్లులను విడదీసి గుర్తుపట్టించే శబ్దం ఎక్కువగా ఉండేది అక్కడే. గొంతులోని బరువు పోయి అక్షరాలు మిగలడం, ప్రూఫులు దిద్దేవాళ్లకు అంతకంటే చెరుపు ఏముంటుంది!

ఆ విద్య ప్రచారంలోకి వచ్చిన కథ తెలిస్తే ఇందులో ఆశ్చర్యం కూడా ఉండదు. 1978లో బోస్ అనే ఆడియో పరికరాల సంస్థ స్థాపకుడు అమర్ బోస్ జ్యూరిక్ నుంచి విమానంలో తిరిగి వస్తూ, ఇంజిన్ల మోతలో సంగీతం వినలేక, దారిలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టారు. 1989లో ఆయన సంస్థ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. నా దగ్గరున్నది ఆ సంస్థది కాదు, సూత్రం మాత్రం అదే. విమానం హోరు కోసం పుట్టిన విద్య అది. మన భాషలో హోరు వేరు, గోల వేరు. ఫ్యాను, ఏసీ, ఇంజిన్, ఎడతెగని వాన, ఇవన్నీ హోరు. కుక్కర్ కూత, గిన్నె జారిపడ్డ చప్పుడు, వీధిలో ఉల్లిపాయల బండి మైకు, స్కూలు వ్యాను హారన్, పైఅంతస్తులో రాయి కోసే మిషను, పిల్లల తగవులాట, ఇవన్నీ గోల. ఇంట్లో ఉండే మనిషిని వేధించేది గోలే. పెట్టె మీద మాత్రం 'ప్రపంచాన్ని నిశ్శబ్దం చేయండి' అన్న ధోరణిలో రాస్తారు.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. నిరుడు నవంబరులో తిరుపతి వెళ్లే రాత్రి బస్సులో చివరి వరుస దొరికింది. ఇంజిన్ వెనుక భాగంలో ఉండే బస్సు, సరిగ్గా దాని మీదే కూర్చున్నట్టు. మామూలుగా అలాంటి చోట నాకు కునుకు పట్టదు, మర్నాడంతా తలనొప్పి. ఆ రాత్రి ఇంజిన్ ఎక్కడికో వెళ్లిపోయింది. కాళ్ల కింద అదురు తెలుస్తోంది, చెవికి ఏమీ లేదు. తెల్లవారి అయిదింటికి లేచేసరికి ఒళ్లంతా తేలికగా ఉంది. ఆ ఒక్క రాత్రికి ఈ వస్తువుకు ఎంత రుణపడినా తక్కువే. ముందు సీటులోవారు ఫోనులో చూస్తున్న వీడియోల్లో సంభాషణలు వినిపించాయి. అప్పటికి నిద్ర ముంచుకొచ్చింది కాబట్టి సరిపోయింది.

నాకు కళ్లద్దాలున్నాయి. వాటి కాడలు మెత్తలకూ చెంపలకూ మధ్య సన్నని సందు చేస్తాయి. అద్దాలు తీస్తే చప్పుడు తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది, అద్దాలు లేకుండా నేను అక్షరం చదవలేను. రెండు వేసవుల చెమటకు మెత్తల పైపొర పొట్టు పొట్టుగా రాలిపోతోంది. కొత్త జత 1,800 రూపాయలన్నారు. చలి ప్రదేశాల్లో ఉండేవాళ్లకు, అద్దాలు లేనివాళ్లకు ఈ రెండు ఇబ్బందులూ ఉండకపోవచ్చు.

ప్రస్తుతం నేను చేస్తున్నది ఇది. చెవుల్లో మందుల షాపులో దొరికే స్పాంజి బిరడాలు, పైన ఈ హెడ్‌ఫోన్లు, అందులో సన్నగా వాన చప్పుడు. పోగొట్టుకున్న హోరును మళ్లీ తెచ్చిపెట్టుకున్నానన్నమాట. టీవీ మాటలు చాలావరకు మునిగిపోతున్నాయి. రెండు గంటలు దాటితే చెవులు నొప్పి పుడుతున్నాయి, అప్పుడు తీసేసి కాసేపు అలా వరండాలో నిలబడతాను.

మా చెల్లెలికి నిజం చెప్పి క్షమాపణ అడిగాను. తను పనిచేసే చోట పక్కనే జనరేటర్ గది ఉందట, "నాకు బ్రహ్మాండంగా ఉందక్కా" అంది. మీరు కొనాలనుకుంటే మిమ్మల్ని బాధపెడుతున్నది యంత్రమా, మనిషా అన్నది ముందు చూసుకోండి. దుకాణం ఏసీ కింద తేల్చుకోకుండా, ఎవరిదైనా అరువు తెచ్చి మీ వంటింటి పక్క గదిలో ఒక పూట పెట్టుకుని చూడండి. నేనైతే కొత్త మెత్తల సంగతి ఇంకా తేల్చుకోలేదు. దసరాకు తిరుపతి ప్రయాణం ఖాయమైతే తెప్పించుకుంటాను.