స్పెషల్ కేర్ ఫీజు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

పిల్లల్ని కొత్త స్కూల్లో చేర్చబోతున్న అమ్మానాన్నలకి, ముఖ్యంగా వైకల్యం ఉన్న పిల్లలున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. మాకు జరిగింది మీకు జరగకూడదు.

మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆటిజం, మాటలు రావు. అడ్మిషన్ రోజున ర్యాంపు, థెరపీ గది చూపించి, అన్నిచోట్లా కెమెరాలున్నాయన్నారు. స్పెషల్ కేర్ అంటూ విడిగా అడిగిన ఫీజు ఏడాదికి సరిపడా ఒకేసారి కట్టేశాం.

మూడో నెలకల్లా యూనిఫాం చూస్తే చాలు, వాడు మంచం కిందికి దూరేవాడు. అలవాటవుతుందిలే అనుకున్నాం. అదే మా తప్పు. ఓ సాయంత్రం స్నానం చేయిస్తుంటే నడుం చుట్టూ ఎర్రటి చార కనిపించింది. ఏమైంది నాన్నా అంటే, కుర్చీలో కూర్చుని తువ్వాలు నడుముకి గట్టిగా చుట్టి చూపించాడు.

మర్నాడు చెప్పకుండా వెళ్లాను. థెరపీ గదిలో వాణ్ణి బెల్టుతో కుర్చీకి బిగించేసి ఉంచారు. ఆ ఒక్క గదిలోనే కెమెరా లేదు. 'కుదురుగా ఉండడు మేడమ్, ఇది క్రమశిక్షణ కోసమే' అన్నారు. కూర్చోలేని పిల్లలకి ఆసరాగా డాక్టరు రాసిచ్చే బెల్టు వేరు, కదలనివ్వకుండా కట్టెయ్యడం వేరు. స్కూల్లో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగినట్టే ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 28వ అధికరణంలోనే ఉంది. ఆ మాటే అన్నాను, జవాబు రాలేదు. ఫీజూ తిరిగి రాలేదు.

మావాడొక్కడి సంగతే కాదిది. వైకల్యం ఉన్న పిల్లలు హింసకి గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువని 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

అందుకే గదులు తర్వాత చూడండి. పిల్లాడు అరిచినా, వస్తువులు విసిరినా ఏం చేస్తారో ముందు అడగండి. కట్టెయ్యం, గదిలో పెట్టి తాళం వెయ్యం, కొట్టం అని రాసిమ్మనండి. రాసివ్వడానికి వెనకాడితే అక్కణ్నుంచి వచ్చెయ్యండి. బాత్రూంకి ఎవరు తీసుకెళ్తారో, చెప్పకుండా వస్తే తరగతి దాకా రానిస్తారో లేదో కూడా తేల్చుకోండి.

ఇంకొకటి. మాటలు రాని పిల్లలకిచ్చే బొమ్మల కార్డుల్లో నీళ్లు, ఆకలి, బాత్రూం ఉన్నాయేమో గానీ 'కొట్టారు', 'కట్టేశారు', 'నాకు భయం' ఉన్నాయా? మావాడికిచ్చిన వాటిలో లేవు. ఆ మూడూ నేనే గీసి, అట్టకి అంటించి, రోజూ వాడితో చూపించి నేర్పిస్తున్నాను. మొన్న మొదటిసారి, పాత స్కూలు బస్సు కనబడగానే, వాడంతట వాడే మూడో కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.