ఒక్కపూత రంగులతో నాలుగేళ్లు: నా అస్సాయే సైన్యం షోకి వెళ్లొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త సీసా మూత తీసిన సంబరంలో రాస్తున్నది కాదు. నాలుగేళ్లు వాడాను. 28 మిల్లీమీటర్ల మెటల్ బొమ్మలు, లెక్క చెప్పాలంటే 188 మంది మనుషులు, 28 గుర్రాలు, 12 ఎద్దులు, దాదాపు అంతా ఈ కాంట్రాస్ట్ రకం రంగులతోనే వేశాను. మొన్న ఒక వార్‌గేమింగ్ (బొమ్మల సైన్యాలతో యుద్ధాలు ఆడే ఆట) షోలో రోజంతా టేబుల్ మీద పెట్టి, ముక్కూమొహం తెలియని వాళ్ల చేతుల్లో నలిగాక ఇంటికి తెచ్చి దీపం కింద భూతద్దంతో ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఇన్నాళ్లూ నేను మంచివనుకున్న కొన్ని విషయాలు ఆ రాత్రితో మారిపోయాయి, అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నా.

ఈ రంగుల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2019లో సిటాడెల్ అనే బొమ్మల రంగుల బ్రాండ్ వాళ్లు కాంట్రాస్ట్ అనే పేరుతో తెచ్చాక ఈ పద్ధతి బాగా పాకింది, తర్వాత ఇంకా చాలామంది ఇలాంటివే చేశారు. మామూలు యాక్రిలిక్ రంగులా కింద ఉన్నదాన్ని కప్పేయదు. లేతరంగు ప్రైమర్ (రంగు పట్టడానికి కింద వేసే తొలి పూత) మీద ఒక్క పూత వేస్తే గుడ్డ మడతల్లోకి జారి అక్కడ ముదురుగా, ఎత్తుగా ఉన్నచోట పలచబడి లేతగా ఆరుతుంది. అంటే నీడా వెలుగూ అదే వేసుకుంటుందన్నమాట. సగం నిజం.

నేను ఎంచుకున్నది 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలో జరిగిన అస్సాయే యుద్ధం. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్థర్ వెల్లస్లీ, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించినాయన, అప్పటికింకా వెల్లింగ్టన్ కాలేదు, మరోవైపు మరాఠాలు, దౌలత్ రావ్ సింధియా, బేరార్ భోంస్లేల సైన్యం. ఇదే ఎందుకంటే కారణం చిన్నదే. వెల్లస్లీ దగ్గరున్న పదాతిలో ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలు, ఆ సైన్యంలో తెలుగువాళ్లు బోలెడు. ఉత్తరాదిన ఒకప్పుడు కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవాళ్లంటే ఆ మాట మన పేరు నుంచి పోయిందే. అందరూ వాటర్లూ వేస్తుంటే మనవాళ్ల బొమ్మలు వేసేవాడు ఒక్కడైనా ఉండాలి కదా అనుకున్నా. మరాఠా వైపు సైన్యమంతా మా స్నేహితుడు వేశాడు, వాడు పాత పద్ధతి మనిషి: ముదురు ప్రైమర్, మీద అసలు రంగు, దాని మీద నీడ కోసం వాష్ అనే నీళ్లలాంటి ముదురు రంగు, చివర్లో అంచులకు లేతరంగు. కాబట్టి ఒకే టేబుల్ మీద, ఒకే రోజు, రెండు పద్ధతులు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకదు.

మొదట మెచ్చుకోవాల్సింది ఒంటిరంగు. సిపాయిలు వేసుకునేది పొట్టి లాగు, కాళ్లు బయటే ఉంటాయి, అంటే ఒక్కో బొమ్మకి ముఖం, రెండు చేతులు, రెండు కాళ్లు. పాత పద్ధతిలో మొదటి పన్నెండు మంది వేసినప్పుడు దీనికే ప్రాణం పోయింది. పైగా 'ఫ్లెష్' అని రాసిన సీసా తీస్తే లోపల గులాబీ రంగు! ఎవరి ఒళ్లో అది మరి. మన చాయ రావాలంటే గోధుమరంగులు రెండు మూడు కలిపి, ఆరాక ఎంత ముదురుతుందో చూసి, మళ్లీ కలిపి, మర్నాటికి ఆ కలిపిన రంగు అయిపోయి, మళ్లీ అదే రావడానికి గంట. ఒక్కపూత రంగుల్లో గోధుమ చాయలు చాలా ఉన్నాయి, ఒకటి తీసి పలచన చేసే మీడియం కొంచెం ఎక్కువ తక్కువ కలుపుతూ పోతే ఒకే సీసాతో నలుపు, చామనచాయ, పసిమి అన్నీ వస్తాయి. పిక్కల కండ, మోకాలి చిప్ప, వేళ్ల సందులు వాటంతటవే కనబడతాయి. నా చెయ్యి పక్కన పెట్టుకుని పోల్చి చూసుకున్నా. ఈ ఒక్క విషయంలో వీటికి తిరుగులేదు, ఇప్పటికీ అదే మాట.

గుర్రాలూ అంతే. ముదురు గోధుమ ఒక్క పూత, జూలుకీ తోకకీ నలుపు, అయిపోయింది.

ఎరుపు దగ్గర మాత్రం మోసపోయాను. కంపెనీ సైన్యమంటే ఎర్రకోటులే, 188 మందిలో ముప్పావు వంతు ఎరుపే. తెల్ల ప్రైమర్ మీద ఒక్కపూత ఎరుపు వేస్తే ఎత్తుల మీద పలచబడి గులాబీ అయిపోతుంది. మొదటి బెటాలియన్ 24 మంది ఉతికి ఉతికి వెలిసిన చొక్కాల్లో నిలబడ్డారు. రెండో పూత వేస్తే మెరుగే, కానీ రెండో పూత వేయాల్సి వస్తే ఇక ఒక్కపూత రంగు ఎందుకు కొన్నట్టు? మూడో బెటాలియన్‌కి ప్రైమర్ మార్చాను, తెలుపు బదులు ఎండుగడ్డి రంగు, కొంచెం పసుపు తిరిగిన లేత గోధుమ. దాని మీద అదే ఎరుపు ఇటుకలా నిండుగా వచ్చింది. తెలుపు మీద వేసిన రెండు బెటాలియన్లు, గడ్డిరంగు మీద వేసిన రెండు, పక్కపక్కన పెడితే వేర్వేరు సైన్యాల్లా ఉంటాయి. అప్పుడు అందం కోసం మార్చానంతే, దాని అసలు లాభం షో తర్వాత గానీ తెలియలేదు, దానికి వస్తాను.

చదునుగా ఉన్నచోట ఇవి పనికిరావు. జెండా, ఫిరంగి బండి పలకలు, మందుగుండు పెట్టెలు, వీటి మీద రంగు జారడానికి మడత ఉండదు, ఎక్కడ పడితే అక్కడ మడుగు కట్టి అంచు ముదిరి టీ మరకలా ఆరుతుంది. అక్కడ మామూలు రంగే వాడండి. తెల్ల పటకాలూ అంతే. ఛాతీ మీద అడ్డంగా వేసుకునే ఆ రెండు తోలు పట్టీలు వేయకుండా వదిలేస్తే పక్కనున్న ఎరుపు పాకి వచ్చేస్తుంది. నేను చివర్లో లేత బూడిద వేసి, దాని లోపల సన్నగా తెలుపు గీస్తాను. వెల్లస్లీ దగ్గరున్న బ్రిటిష్ దళాల్లో 74వ రెజిమెంటు కాలరూ కఫ్‌లూ తెలుపే కాబట్టి వాళ్లకి అదే బ్రష్‌తో అవి కూడా అయిపోతాయి, 78వ వాళ్లవి బఫ్, అంటే లేత తోలు రంగు. ఈ దిద్దుబాట్లన్నీ కలిపితే బొమ్మకి నాకు 50 నిమిషాలు పడుతోంది. మావాడికి రెండు గంటలు. 'ఒక్కపూత' అనే మాట నమ్మి పావుగంటలో అయిపోతుందనుకుంటే నిరాశే, కానీ ఆ తేడాని 188తో గుణించి చూడండి.

బ్రష్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఈ రంగులు పూయడానికి సింథటిక్ చాలు, దిద్దడానికి మాత్రం మొన నిలిచే కొలిన్‌స్కీ సేబుల్ వెంట్రుకల బ్రష్ ఒకటి ఉండాలి, నాది విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7, నంబరు 1, మూడేళ్లుగా అదే. రంగు లోహపు గొట్టం దాకా ఎక్కనివ్వకుండా రోజూ సబ్బుతో కడిగితే చాలు. మొన కోసం నోట్లో పెట్టి తిప్పే అలవాటు ఉంటే మానుకోండి, పాత మెటల్ బొమ్మల్లో సీసం ఉంటుంది. వెట్ ప్యాలెట్, అంటే రంగు ఆరకుండా తడిగా ఉంచే పళ్లెం, ఈ రంగులకి అక్కర్లేదు, ఉన్న తడికి ఇంకా పలచనైపోతాయి. దిద్దుబాటు రంగులకి వాడుకోండి.

వార్నిష్ కథ ఒకటి ఉంది. వానాకాలంలో, గాలంతా తేమగా ఉన్న రోజున, ఆత్రం ఆగక రంగుకి రక్షణగా మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టాను. అరగంటకి చూస్తే 24 మంది మీదా మంచు కురిసినట్టు తెల్లటి పొర. అది ఏ కంపెనీదో చెప్పను, తప్పు వాళ్లది కాదు, నాదీ వాతావరణానిదీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బ్రష్‌తో గ్లాస్ (మెరిసే రకం) వార్నిష్ ఒక పూత రాస్తే పొర చాలావరకు మాయమై రంగులు తిరిగొచ్చాయి, తర్వాత పొడిగా ఉన్న రోజు చూసి మళ్లీ మ్యాట్. దాంతో తెలియకుండానే ఆ బెటాలియన్‌కి రెండు వార్నిష్‌లు పడ్డాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక షో. వెళ్లింది చూడ్డానికే కాదు, వచ్చినవాళ్లెవరైనా కూర్చుని ఆడే టేబుల్ ఒకటి మేమే పెట్టాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, కైత్నా, జువా అనే రెండు నదులు, మధ్యలో నేల, ఒక మూల అస్సాయే ఊరు. హాల్లో దీపాలు ఎంత నీరసంగా ఉన్నాయంటే, ఇంట్లో భూతద్దం పెట్టుకుని వేసిన కనుగుడ్లు నాకే కనబడలేదు. కానీ ఈ రంగుల్లో ముదురు లేత తేడా ఎక్కువ కాబట్టి నా బెటాలియన్లు దూరానికి బాగానే తెలిశాయి. మావాడివి దగ్గరగా వంగి చూసినవాళ్లు మెచ్చుకున్నారు, నావి నడుస్తూ పోయేవాళ్లని ఆపాయి. మావాడు ఒప్పుకోడనుకోండి. "ఒరేయ్, వాళ్లు ఆగింది నీ రంగు చూసి కాదు, ఎద్దులు చూసి" అన్నాడు.

అది కొంత నిజమే. ఫిరంగులు లాగే ఎద్దుల ప్యాకెట్ కొంటే వచ్చినవాటికి మూపురం లేదు! మూపురం లేని ఎద్దుని దక్కన్‌లో పెడితే ఎలా? రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ తెచ్చి, పన్నెండిటికీ మూపురాలు పెట్టి, మెడ కింద గంగడోలు కూడా సాగదీశాను. ఆ రోజు రంగుల గురించి అడిగింది నలుగురైతే మూపురాల గురించి అడిగినవాళ్లు ఇరవైమంది.

ఆట మూడుసార్లు ఆడించాం. అసలు యుద్ధంలో వెల్లస్లీ సైన్యంలో కుడివైపున్న పికెట్ (ముందు కాపలా) దళాలు దారి తప్పి అస్సాయే ఊరి ఫిరంగుల వైపు వెళ్లాయి, వాటి వెనకే 74వ రెజిమెంటూ వెళ్లి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కథ తెలిసినవాళ్లు మొదటి రెండు ఆటల్లో దాన్ని ఊరి దరిదాపులకి పోనివ్వలేదు. మూడో ఆటలో పదేళ్ల కుర్రాడొకడు వచ్చి, ఏమీ అడక్కుండా, 74ని గుప్పిట పట్టి నేరుగా ఊరి ముందు పెట్టాడు. చరిత్ర అచ్చంగా జరిగింది. కానీ నా కళ్లు మాత్రం ఆ గుప్పిట మీదే ఉన్నాయి, వాడు పట్టుకున్నది బొమ్మ కింది బేస్‌ని కాదు, తుపాకీ కొసనుండే బాయినెట్లని.

షోలో అమ్మకాల స్టాళ్లు ఒక చుట్టు తిరిగాను, ఎవరో సగం వేసి వదిలేసిన మెటల్ గుర్రపుదళం ఒకటి సెకండ్‌హ్యాండ్ బల్ల మీద దొరికింది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమితే రంగంతా ఊడి కొత్తవాటిలా అయ్యాయి. రెజిన్ బొమ్మల మీద ఈ ప్రయోగం చేయకండి.

ఇంటికొచ్చాక లెక్క. నావాటిలో 31 బొమ్మలకి రంగు లేచింది, మావాడివాటిలో 27కి. సంఖ్య చూస్తే పెద్ద తేడా లేదు. కనబడటంలో ఉంది తేడా. మావాడి బొమ్మలకి కింద ముదురు ప్రైమర్, రంగు లేచినచోట నీడలా ఉంటుంది, వెతికితే గానీ దొరకదు. నా మొదటి రెండు బెటాలియన్లకి కింద తెలుపు, ఎర్రకోటు భుజం మీద ఆవగింజంత లేచినా సున్నం చుక్కలా అల్లంత దూరం నుంచి కనబడుతుంది. అసలే పలచని పూత, టోపీ అంచు, మోచెయ్యి, తుపాకీ మడమ, ఇలాంటి చోట్ల ఇంకా పలచన, వేలు రాసుకునేదీ అక్కడే. గడ్డిరంగు ప్రైమర్ మీద వేసినవాటికి లేచినచోట అరిగిన గుడ్డలాగో దుమ్ములాగో ఉంది, యుద్ధంలో ఉన్నవాళ్లకి అది నప్పింది కూడా. ఆ వానాకాలం మంచు కురిసిన బెటాలియన్, గ్లాస్ మీద మ్యాట్ పడ్డది, 24 మందిలో ఒక్కడికి మాత్రమే గీత. మిగతావాటికి ఒట్టి మ్యాట్. ఇదీ నాలుగేళ్లకి తేలింది, రంగు సీసా మీద ఎవ్వరూ రాయనిది.

కాబట్టి అల్మారాలో పెట్టి చూసుకునేవాళ్లయితే తెల్ల ప్రైమరే వాడుకోండి, రంగులు కళకళలాడతాయి. ఆడేవాళ్లయితే, ముఖ్యంగా పరాయి చేతుల్లో పెట్టేవాళ్లయితే, గడ్డిరంగు ప్రైమర్, గ్లాస్ ఒక పూత, దాని మీద మ్యాట్. బల్లెం పట్టిన బొమ్మలుంటే మెత్తటి మెటల్ బల్లెం కత్తిరించి ఉక్కు తీగ పెట్టండి, వంగదు, పైగా గుచ్చుకుంటుంది కాబట్టి రెండోసారి ఎవరూ అక్కడ పట్టుకోరు. బాయినెట్లకి ఆ వైద్యం లేదు. 74వ రెజిమెంటువి ఏడు వంగాయి, మెల్లగా సరిచేస్తుంటే రెండు చేతిలోకొచ్చాయి.

సెకండ్‌హ్యాండ్ గుర్రపుదళానికి నిన్న గడ్డిరంగు ప్రైమర్ కొట్టాను, తేమ లేని రోజు చూసుకునే. మొదటి రెండు బెటాలియన్ల తెల్లచుక్కలు ఒక్కొక్కటిగా దిద్దుతున్నా, ఇంకా పందొమ్మిది ఉన్నాయి.

ఎద్దులకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు. అస్సాయేలో మరాఠా ఫిరంగుల దెబ్బకి వెల్లస్లీ ఎద్దులు చాలా చచ్చిపోయి ఆయన ఫిరంగులు వెనకే ఉండిపోయాయి, మా ఆటలోనూ అదే నియమం పెట్టాం, దాంతో మూడు ఆటల్లోనూ వాటిని ఎవ్వరూ ముట్టుకోలేదు.